విద్యార్థి వేతనముతో చదివిన తిరుత్తణి బాలుడు



ఇంటర్మీడియటు పరీక్షా ఫలితములు వచ్చు దినములలో మేము సంఘస్థుల ఇండ్లను దర్శించునప్పుడు ఒక వింతను చూచుచున్నాము. పరీక్ష తప్పిన బిడ్డ ఉన్న ఇంటిలో దుఃఖము మాత్రమే ఉండును. గెలిచిన బిడ్డ ఉన్న ఇంటిలోనైతే సంతోషమును భయమును కలిసి కూర్చుండియుండును. మదనపల్లె మార్కెట్టుకు టమాటాలు తోలి, ధర పడిపోయిన దినమున బండి బాడుగ కూడ రాక తిరిగివచ్చు రైతు ఆ భయమును ఎరుగును. పుంగనూరు ప్రక్క పల్లెలో రెండు ఆవుల పాలమీద బిడ్డలను సాకు విధవరాలు ఎరుగును. కుప్పములో చీకటితోనే లేచి బెంగుళూరు రైలెక్కి కూలికి పోవు తండ్రి ఎరుగును. బిడ్డ డిగ్రీ చదువునకు అర్హత పొందెను. ఆ చదువునకు రూకలు ఎక్కడనుండి వచ్చును? ఇదియే వారి భయము.

మొదట మా తప్పిదమును ఒప్పుకొని తరువాత మాట్లాడుట న్యాయము. పోయిన సంవత్సరము మా సంఘములో ఒక కూలివాని కుమార్తె మంచి మార్కులతో ఇంటర్మీడియటు గెలిచెను. విద్యార్థి వేతనమునకు దరఖాస్తు పెట్టుటకు ఆదాయ ధ్రువీకరణ పత్రము కావలసియుండెను. కార్యాలయమునకు తోడు రమ్మని అడుగుటకు ఆమె ఆరాధన ముగిసిన తరువాత గుడి మెట్లయొద్ద మా కొరకు నిలిచియుండెను. అప్పుడు ఉజ్జీవ కూటముల ఏర్పాట్లలో మునిగియుండి, వచ్చు వారము చూతమని చెప్పి పంపివేసితిమి. వచ్చు వారమును అట్లే గడచెను. గడువు దాటిపోయెను. ఆమె ఇప్పుడు బెంగుళూరులో బట్టలు కుట్టు కర్మాగారమునకు పోవుచున్నది. కష్టించి చేయు ఏ పనియు నీచమైనది కాదు. అయితే ఆమె కోరినది అది కాదు. కూటములలో మేము చేసిన ప్రసంగములు ఇప్పుడెవరికిని జ్ఞాపకము లేవు. మెట్లయొద్ద నిలిచిన ఆ బిడ్డ మాత్రము మాకు జ్ఞాపకమున్నది.

ఈ భారముతోనే ఈ నెల ఒక జీవిత చరిత్రను మీ ముందర పెట్టుచున్నాము. ఈ పత్రికలో సాధారణముగా విశ్వాస వీరులను గూర్చి చదువు మీకు, ఇది క్రైస్తవుడు కాని ఒక మనుష్యుని చరిత్ర అని ముందుగానే తెలియజేయుచున్నాము. ఆయన డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆయన మన దేశమునకు రాష్ట్రపతియైన సంగతి బడిపిల్లలందరును ఎరుగుదురు. అయితే ఆయన చదువు ఆది నుండి అంతము వరకు విద్యార్థి వేతనములమీద సాగెననియు, ఆ చదువులో పెద్ద భాగము మిషను బడులలోను కళాశాలలలోను జరిగెననియు మన సంఘములలో అనేకులు ఎరుగరు.

పుట్టుకయు బాల్యమును

1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఆయన జన్మించెను. తండ్రి పేరు వీరాస్వామి, తల్లి పేరు సీతమ్మ. వారు తెలుగు మాట్లాడు బ్రాహ్మణ కుటుంబము. ఇంటిపేరులోని సర్వేపల్లి నెల్లూరు సీమలోని గ్రామము. తిరుత్తణి ఇప్పుడు తమిళనాడులో ఉన్నను, 1960 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. కాబట్టి ఆయన మనకు పరాయివాడు కాడు. మన సీమ బిడ్డయే.

తండ్రి ఒక జమీందారు కొలువులో రెవెన్యూ శాఖయందు చిన్న ఉద్యోగి. కుటుంబము పెద్దది, రాబడి చిన్నది. కులము గొప్పదైనంత మాత్రమున కుండ నిండదు గదా. బాలునికి తెలివి ఉండెను, చదువుమీద ఆశ ఉండెను. రుసుము కట్టు శక్తి మాత్రము ఇంటిలో లేకుండెను. ఇట్టి స్థితి మన పల్లెలలో నేటికిని ఎన్ని ఇండ్లలో లేదు?

తిరుత్తణిలో మొదటి అక్షరములు నేర్చిన పిమ్మట, 1896లో ఆ బాలుడు తిరుపతిలోని హెర్మన్స్‌బర్గు లూథరను మిషను బడిలో చేరెను. గమనించుడి: తిరుపతి హిందువుల మహా పుణ్యక్షేత్రము, అక్కడ జర్మను దేశపు మిషనెరీలు నడుపు బడిలో ఒక బ్రాహ్మణ బాలుడు చదువుచుండెను. కొండమీద దేవాలయము, కొండక్రింద సువార్త బడి. ఈ రెంటి నడుమ ఆ బాలుని మనస్సు పెరిగెను.

వేలూరు కళాశాలలో

తిరుపతిలో నాలుగేండ్లు చదివిన తరువాత అతడు వేలూరులోని వూర్హీస్ కళాశాలకు వచ్చెను. ఇక్కడ మదనపల్లె, పుంగనూరు సంఘములవారు చెవి యొగ్గవలెను. ఆ కళాశాలను నడిపినవారు అమెరికను ఆర్కాటు మిషనువారు. 1853లో స్కడ్డరు కుటుంబపువారు స్థాపించిన ఆ మిషనే మన తెలుగు ప్రాంతమునకును వచ్చెను. డాక్టరు జేకబ్ చేంబర్లేను గారు 1863లో మదనపల్లెకు వచ్చి, వైద్యమును సువార్తను కలిపి సేవచేసి, 1908లో ఇక్కడనే మరణించెను. మన తాతల చేతికి బైబిలును, మందుసీసాను, పలకను ఇచ్చిన మిషనుయే వేలూరులో ఆ తిరుత్తణి బాలునికి కళాశాల విద్యను ఇచ్చెను.

ఆ కళాశాల ఎలిజబెత్ రాడ్మన్ వూర్హీస్ అను అమెరికా దేశపు స్త్రీ పేరును ధరించియున్నది. ఆమె కుటుంబము ఇచ్చిన ధనసహాయమునకు గురుతుగా ఆ పేరు పెట్టబడెను. వేల మైళ్ల దూరమున ఒక దంపతులు ఇచ్చిన ధనము గోడలై, బల్లలై, పుస్తకములై మన దేశపు పిల్లలకు ఉపయోగపడెను. వారిలో ఒకడు ముందుకు ఏమగునో ఇచ్చినవారికి తెలియదు.

రాధాకృష్ణన్ చదువు సాగిన కాలమంతయు విద్యార్థి వేతనములు అతనికి ఆధారముగా ఉండెను. ఆ కాలమందు ఇప్పటివలె ప్రభుత్వ పథకములు విస్తారముగా లేవు. తెలివిగల పేద విద్యార్థికి బడియో, కళాశాలయో, ధర్మాత్ముడో సహాయము చేయవలెను; లేనియెడల చదువు అక్కడితో ఆగిపోవును. విద్యార్థి వేతనమనగా భిక్షము కాదు. విత్తనము కొనుటకు శక్తిలేని రైతుకు విత్తనమిచ్చుట ఎట్టిదో ఇది అట్టిది. దున్నవలసినవాడు రైతే, నీరు పెట్టవలసినవాడు రైతే. అయినను విత్తనము లేనిదే పొలము బీడుగా ఉండును.

వేలూరులో చదువుచున్న కాలముననే, పదునారేండ్ల ప్రాయములో, శివకాము అను బాలికతో అతనికి వివాహము జరిగెను. ఆ కాలపు ఆచారము అట్టిది. పెండ్లియైనదని చదువు మానలేదు. ఈ సంగతి మన ఆడపిల్లల తలిదండ్రులు ఆలోచింపవలెను. ఆ కాలమున పెండ్లి మగపిల్లవాని చదువును ఆపలేదు గాని, ఈ కాలమున కూడ మన ఆడపిల్లల చదువును ఎంత సులభముగా ఆపుచున్నది!

ఒకరి పాత పుస్తకములు

తరువాత అతడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరెను. అది స్కాట్లండు దేశపు మిషనెరీలు నడుపు కళాశాల. ఇప్పుడు తాంబరములో ఉన్నను, అప్పుడు మద్రాసు పట్టణపు నడిబొడ్డున ఉండెను. డిగ్రీ తరగతిలో ఏ శాస్త్రమును తీసికొనవలెనను ప్రశ్న వచ్చెను. అక్కడ జరిగిన సంగతి విని మీరు నవ్వవచ్చును, ఏడ్వనువచ్చును. ఆ కళాశాలలోనే చదువు ముగించిన అతని బంధువు ఒకడు తన తత్త్వశాస్త్ర పుస్తకములను అతనికి ఇచ్చెను. ఉచితముగా దొరికిన పుస్తకములు తత్త్వశాస్త్రమునకు చెందినవి గనుక అతడు తత్త్వశాస్త్రమునే తీసికొనెను. వేరు పుస్తకములు కొనుటకు చేతిలో ధనము లేకుండెను.

భారతదేశపు తలంపులను ప్రపంచమునకు తెలియజేసిన పండితుడు ఆ శాస్త్రములోనికి ప్రవేశించినది ఈ విధముగానే. వేతనము అతనిని కళాశాల గుమ్మము దాటించెను. పాత పుస్తకములు అతని దారిని నిర్ణయించెను. మన ఇండ్లలో అటకమీద చెదలు తినుచున్న పాఠ్యపుస్తకములు ఎన్ని ఉన్నవో ఈ రాత్రి లెక్కించుడి.

నొచ్చిన మనస్సు, విశాలమైన గురువు

ఇప్పుడు మేము చెప్పబోవు సంగతి మనకు కొంచెము కష్టముగా ఉండును. అయినను సత్యమును దాచుట తగదు. ఆ మిషను బడులలో అతనికి మేలు జరిగిన మాట నిజము. అక్కడనే అతని మనస్సు నొచ్చిన మాటయు నిజము. కొందరు క్రైస్తవ బోధకులు హిందూ మతమును విమర్శించిన తీరు అతనిని లోతుగా గాయపరచెనని ఆయనే తరువాత వ్రాసెను. తన పితరుల మతములో జీవమున్నదో లేదో తానే శోధింపవలెనని ఆ గాయము అతనిని పురికొల్పెను. మనము ప్రేమతో ఇచ్చు అన్నములో ఎగతాళి అను ఇసుక కలిసినయెడల, తినువానికి అన్నము రుచి మరచిపోవును, ఇసుక జ్ఞాపకముండును.

ఎం.ఏ. పరీక్ష కొరకు అతడు ఒక గ్రంథమును వ్రాయవలసియుండెను. వేదాంతములో నీతిశాస్త్రమునకు చోటు లేదను విమర్శకు జవాబుగా, వేదాంతపు నీతిని గూర్చియే అతడు వ్రాసెను. అది 1908వ సంవత్సరము. అతని వయస్సు 20 ఏండ్లు. పరిశీలింపవలసినవారు క్రైస్తవ ఆచార్యులు. వారిలో ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ గారు పేరుపొందిన వేదాంత పండితుడును, దృఢమైన క్రైస్తవ విశ్వాసియునై యుండెను. ఈ వ్రాత గురువుగారికి కోపము కలిగించునేమో అని శిష్యుడు భయపడెను. వేతనముమీద బ్రదుకు విద్యార్థికి ఆ భయము ఎంతటిదో ఆలోచించుడి. అన్నము పెట్టిన ఇంటివారితో వాదించుట అందరికిని సాధ్యమగు పని కాదు.

హాగ్ గారు కోపించలేదు. శిష్యుని అభిప్రాయము తన విశ్వాసమునకు ఎదురుగా ఉన్నను, అతని బుద్ధిని, శ్రమను మెచ్చుకొని, మంచి యోగ్యతా పత్రమును ఇచ్చెను. గురువు కోపించియున్నయెడల ఆ యువకుని భవిష్యత్తు ఏమై యుండెడిదో! ఆ మరుసటి సంవత్సరమే, 1909లో, అతడు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉపాధ్యాయుడాయెను.

ఈ విశాలహృదయము ఆ కళాశాలకు క్రొత్త కాదు. అనేక సంవత్సరములు దానికి ప్రిన్సిపాలుగా ఉండిన డాక్టరు విలియము మిల్లరు గారు తన సొంత ధనమును కూడ కళాశాలకు వెచ్చించిన మనుష్యుడు. క్రైస్తవ విద్యయొక్క ఫలమును బాప్తిస్మముల లెక్కతో మాత్రమే కొలువరాదనియు, అది పిండిలో పులిసిన పిండివలె సమాజమంతటిలోనికి వ్యాపించుననియు ఆయన నమ్మెను. ఇందును గూర్చి తోటి మిషనెరీలలో కొందరు ఆయనను గట్టిగా విమర్శించిరి. మార్పు చెందని విద్యార్థులమీద మిషను ధనము ఎందుకు వ్యయము చేయవలెనని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను మనము కొట్టివేయరాదు. చరిత్ర ముగిసిన తరువాత దానికి జవాబు వెదకుదము.

ఎక్కిన మెట్లు

ఆయన ఎక్కిన మెట్లను క్లుప్తముగా చెప్పెదము. 1918లో మైసూరు విశ్వవిద్యాలయములో ఆచార్యుడాయెను. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయపు తత్త్వశాస్త్ర ఆచార్య పీఠము లభించెను. 1931 నుండి 1936 వరకు మన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా వాల్తేరులో పనిచేసెను. జయపురము మహారాజావారి విరాళముతో శాస్త్ర సాంకేతిక విద్యల కళాశాల ఆ కాలములోనే రూపు దాల్చెను. దాతలు ఇచ్చిన ధనముతో చదివిన విద్యార్థి, ఇప్పుడు దాతల ధనమును ఇతరుల విద్యకొరకు నడిపించు స్థానములో కూర్చుండెను. 1936 నుండి 1952 వరకు ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో తూర్పు దేశముల మతములను, నీతిని గూర్చి బోధించు ఆచార్యుడుగా ఉండెను. ఆ కాలముననే 1939 నుండి 1948 వరకు కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగాను పనిచేసెను.

మన అంశమునకు ముఖ్యమైన సంగతి ఒకటి 1948లో జరిగెను. స్వతంత్ర భారతదేశములో విశ్వవిద్యాలయములు ఎట్లుండవలెనో విచారించుటకు ప్రభుత్వము ఒక కమిషనును నియమించి, ఆయనను దానికి అధ్యక్షునిగా చేసెను. 1949లో ఆ కమిషను తన నివేదికను సమర్పించెను. పల్లెటూరి యౌవనులకు తగిన గ్రామీణ విశ్వవిద్యాలయములు ఉండవలెనని అది చెప్పెను. ప్రభుత్వ ధనమును విశ్వవిద్యాలయములకు న్యాయముగా పంచుటకు గ్రాంట్ల కమిషను ఉండవలెనని కూడ చెప్పెను. 1953లో యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను ప్రారంభింపబడెను. 1956లో దానికి చట్టబద్ధమైన స్థానము కలిగెను. నేడు మదనపల్లెలో 1915 నుండి ఉన్న బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో చదువు విద్యార్థియు, కుప్పములో 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయమునకు పోవు విద్యార్థియు ఈ ఏర్పాటు నీడలోనే చదువుచున్నారు. పుస్తకములు కొనలేక దొరికిన శాస్త్రమును చదివిన బాలుడు, దేశపు విద్యార్థుల కొరకు ధనము పారు కాలువ త్రవ్వుటలో చేయి వేసెను.

తరువాత ఆయన సోవియట్ దేశమునకు రాయబారిగా వెళ్లెను. 1952 నుండి ఉపరాష్ట్రపతిగాను, 1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగాను ఉండెను. 1954లో భారతరత్న బిరుదమును పొందెను. 1962 నుండి ఆయన జన్మదినమగు సెప్టెంబరు 5వ తేదీని ఉపాధ్యాయ దినముగా దేశమంతయు ఆచరించుచున్నది. రాజ్యపు అత్యున్నత పీఠము ఎక్కినను, ఉపాధ్యాయుడను పేరే ఆయనకు నిలిచిపోయెను.

చివరి కానుక

1975లో ఆయనకు టెంపుల్టను బహుమానము వచ్చెను. క్రైస్తవుడైన ఒక ధనికుడు మత విషయములలో సేవచేసినవారి కొరకు స్థాపించిన బహుమానమది. క్రైస్తవేతరులలో దానిని మొదట పొందినవారు ఈయనయే. ఆ ధనమంతయు ఆయన తన కొరకు ఉంచుకొనక ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసెను. కొద్ది కాలమునకే, ఏప్రిలు 17వ తేదీన, మద్రాసులో మరణించెను. 1989లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు ఆయన జ్ఞాపకార్థము విద్యార్థి వేతనములను ఏర్పరచిరి.

వేతనముతో మొదలైన జీవితము వేతనముగా మిగిలెను. ఒకప్పుడు చేయి చాచి పుచ్చుకొన్న బాలుని పేరుమీద, చేయి చాచిన ఇతర యౌవనులు చదువుకొనిరి.

వ్యర్థమైనదా?

ఇప్పుడు ఆ పాత ప్రశ్నకు వత్తము. రాధాకృష్ణన్ గారు క్రైస్తవుడు కాలేదు. క్రీస్తును గూర్చి ఆయన వ్రాసిన అనేక సంగతులతో మేము ఏకీభవింపము. సంఘ సేవకులమైన మేము అట్లు చెప్పకుండుట కపటమగును. అట్లయినచో మిషనువారు ఆయనమీద వెచ్చించినది వ్యర్థమా?

నిర్గమకాండములోని మోషే బాల్యమును తలంచుకొనుడి. నీళ్లలో దొరికిన హెబ్రీ శిశువును ఫరో కుమార్తె చేరదీసెను. పాలిచ్చి పెంచుటకు జీతము కూడ తానే ఇచ్చెను. ఆ శిశువు తన స్వంత తల్లి ఒడిలోనే పరుల ధనముతో పెరిగెను. పిమ్మట ఐగుప్తీయుల సకల విద్యలను నేర్చెను. పెరిగిన తరువాత అతడు ఐగుప్తీయుడుగా ఉండెనా? లేదు, తన ప్రజలయొద్దకు పోయెను. అయినను ఆ రాజకుమార్తె చేసిన కనికరమును లేఖనము నింద చేయలేదు. ఆమె జాలిని దేవుడు వాడుకొనెను. అక్కడ పరాయి రాజకుమార్తె మన పితరుడైన మోషేకు జీతమిచ్చెను. ఇక్కడ మన మిషనువారు పరాయి ఇంటి బిడ్డకు వేతనమిచ్చిరి. ఒకదానిని దేవుని కార్యమని ప్రసంగించి, రెండవదానిని నష్టమని లెక్కవేయుట ఏమి న్యాయము?

మరియు ప్రభువు పదిమంది కుష్ఠరోగులను బాగుచేసెను. తిరిగివచ్చి మహిమపరచినవాడు ఒక్కడే. తక్కిన తొమ్మండుగురిని గూర్చి ప్రభువు అడిగెను, బాధపడెను. కాని వారికి ఇచ్చిన స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. మేలు చేయుట ఉరి ఒడ్డుట కాదు. గింజలు చల్లి వల దాచువాడు వేటగాడు; గింజలు చల్లి వానకొరకు దేవునివైపు చూచువాడు రైతు. మనము రైతులము.

ఈ చరిత్రలో మేము నేర్చుకొన్న పాఠము ఇదొక్కటే: సహాయము చేయునప్పుడు పుచ్చుకొనువాని మెడకు త్రాడు కట్టకూడదు. హాగ్ గారు తన శిష్యుని కట్టివేయలేదు. అందుచేతనే ఆ శిష్యుడు నిలువుగా పెరిగెను; తన గురువుల బడి పేరును కూడ నిలిపెను.

మనమేమి చేయుదము?

మన పిల్లల కొరకు ఇప్పుడు అనేక ద్వారములు తెరువబడియున్నవి. తెలియక నష్టపోవుచున్నాము. కేంద్ర ప్రభుత్వము కళాశాల విద్యార్థులకు ఇచ్చు వేతనము ఒకటి కలదు. ఇంటర్మీడియటులో తమ బోర్డునందు మార్కులలో మొదటి 20 శాతము వరుసలో నిలిచి, కుటుంబ ఆదాయము సంవత్సరమునకు నాలుగున్నర లక్షల రూపాయలు మించక, రెగ్యులరు డిగ్రీలో చేరినవారు దీనికి దరఖాస్తు పెట్టవచ్చును. డిగ్రీ మూడు సంవత్సరములును ఏటికి 12,000 రూపాయలు వచ్చును. ఇందులో సగము ఆడపిల్లలకు కేటాయింపబడినది. ఏటేట కొనసాగించుటకు 50 శాతము మార్కులును 75 శాతము హాజరును ఉండవలెను. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టలు ద్వారా పెట్టవలెను.

షెడ్యూల్డు కులముల విద్యార్థులకు 1944లో మొదలైన పోస్టు మెట్రిక్ వేతనములు నేటికిని సాగుచున్నవి. రాష్ట్ర ప్రభుత్వము పేద విద్యార్థుల కళాశాల రుసుమును చెల్లించు ఏర్పాటును కూడ కలిగియున్నది. ప్రభుత్వములు మారునప్పుడు పథకముల పేర్లు మారుచుండును. కాబట్టి పేరును పట్టుకొని వెదకక, గ్రామ సచివాలయములోను, కళాశాల కార్యాలయములోను ఈ సంవత్సరపు నిబంధనలను అడిగి తెలిసికొనుడి. కుల పత్రము, ఆదాయ పత్రము, ఆధారు, దానితో జతపరచిన బ్యాంకు ఖాతా, ఈ నాలుగును ఫలితములు రాకముందే సిద్ధము చేసికొనవలెను. గడువు ఎవరి కొరకును ఆగదు.

ఒక మాట దుఃఖముతో చెప్పవలసియున్నది. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రములో వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కింతురు. కాగితముమీద పేరు మారెను గాని పల్లెలో పేదరికము మారలేదని అనేకులు మాయొద్ద వాపోవుదురు. వారి వేదన న్యాయమైనది. అయినను పత్రములో ఉన్నది సత్యముగానే ఉండవలెను. అబద్ధముతో తెరచిన తలుపు బిడ్డ మీదనే మూయబడు దినము వచ్చును. సి వర్గపు విద్యార్థులకును సహాయములు కలవు. వాటిని ముందు అడుగుడి.

ప్రభుత్వ ధనము వచ్చుటకు నెలలు పట్టును. ఈ లోపల బస్సు పాసు, పరీక్ష రుసుము, నోటు పుస్తకములు ఎవరు కొనవలెను? షూనేము ఊరి స్త్రీ ప్రవక్త కొరకు చిన్న గదిని కట్టించి, మంచమును బల్లను పీటను దీపస్తంభమును పెట్టెను. ఆమె రాజ్యమును ఇవ్వలేదు. చదువుకొనుటకు, పడుకొనుటకు చోటు ఇచ్చెను. మన స్త్రీల సమాజమువారు వంట చేయునప్పుడెల్ల పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టుచున్నారు. నెలకు ఒక వారపు బియ్యమును మన కళాశాల బిడ్డల కొరకు ప్రత్యేకించిన యెడల ఎంత మేలు! గుడిలో ఒక అలమర పెట్టి పాత పుస్తకములను అందులో చేర్చుదము. ఒక బంధువుని పాత పుస్తకములు చేసిన పనిని ఇప్పుడే చదివితిరి. లెక్కలు ముగ్గురు పెద్దల చేతిలో ఉండవలెను. వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. పుచ్చుకొన్న బిడ్డ పేరును బల్లపీఠమునుండి చాటింపవద్దు. పాటల బృందములో పాడవలెననియు, మన మాట కాదనరాదనియు షరతు పెట్టవద్దు. ఆ సహాయము మన సంఘపు గడప దాటి పొరుగు బిడ్డకు పోయినను అడ్డుచెప్పవద్దు.

ఇక మా విషయము. కుట్టు కర్మాగారమునకు పోవుచున్న ఆ బిడ్డ సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు మేమే ఆమె ఇంటికి పోయితిమి. ఈసారి ఆమె మా మెట్లయొద్ద నిలువలేదు. మేము ఆమె వాకిట నిలిచితిమి. ఆదాయ పత్రము కొరకు ఆమె తండ్రితో కూడ సచివాలయమునకు పోయి వచ్చితిమి. ఆమె జీతము ఇంటికి అవసరమైపోయినది గనుక తిరిగి చదువులో చేరునో లేదో ఇంకను నిశ్చయము కాలేదు. ఆమె కొరకు ప్రార్థించుడి. మీ సంఘములో గుడి మెట్లయొద్ద నిలిచియున్న బిడ్డ ఎవరో, వచ్చు ఆదివారమున ఆరాధన ముగియగానే చూడుడి.

విత్తువానికి విత్తనమును, తినువానికి ఆహారమును దయచేయు దేవుడు మన పిల్లల చదువులను దీవించునుగాక. ఆమేన్.